ఆరో పట్టీ

మొదటి కాగితం మీద మిరపకాయ నారింజ తొన అయింది.
రెండోదాని మీద ఇటుక.
మూడోదాని మీద సలోమి మొహం
పౌడరు డబ్బా బోర్లించినట్టు తేలిపోయింది.
"ఇదెవురు?" అంది సలోమి.

చుట్టుగుంటలో మా మేడమీది గది.
కిటికీ సందులోంచి యార్డు ఘాటు వస్తుంది,
నేనూ ప్రింటరూ వంతులేసుకుని తుమ్ముతాం.
నాలుగు సీసాల సిరా,
కాగితం ఒక్కోటి పదహారు రూపాయలు.
ఫిబ్రవరిలో నేను తీసిన ఫొటో:
కుప్ప పక్కన గొంతుక్కూచుని
తాలు ఏరుతూ తలెత్తి చూసింది, అంతే.

"స్టూడియోలోళ్లు ముప్పయ్యేళ్ల నుంచీ
నన్ను తెల్లగా కడుగుతానే ఉన్నారు.
పెళ్లి ఫొటోలో మా ఆయన పక్కన
ఎవురో కూచోనుంది.
నువ్వన్నా నా రంగు నాకియ్యి, అబ్బాయా."

తప్పు ఎక్కడుందో వెతికాను.
తెర ఒక దీపం. తనంతట తాను వెలుగుతుంది.
కాగితం పేదది,
కిటికీ ఎంత ఇస్తే అంతే తిరిగిస్తుంది.
తెర వెలుగు సగానికి దించాను.
నిగనిగలాడే కాగితం పెట్టి
మామూలు కాగితమని చెప్పింది నేనే,
ప్రింటర్ని తిట్టి ఏం లాభం.
గీతలు వేయించి చూస్తే
గులాబీ వరసలో రెండు పళ్లు ఊడున్నాయి.
కడిగాను. మళ్లీ కడిగాను.
సిరా సీసాలో బెత్తెడు దిగింది,
పళ్లు మొలిచాయి.

మర్నాడు కొంగున ముడేసి
ఒక తేజ కాయ తెచ్చింది సలోమి.
"దీని పక్కన పెట్టి చూడు.
కాయ కుదిరితే నేనూ కుదురుతా."
ట్యూబులైటు కింద పెట్టబోతే
చెయ్యి పట్టుకుంది.
"లైటు కింద సరుకు చూస్తారా ఎవరన్నా?"

డాబా మీదికెళ్లాం, పొద్దున తొమ్మిదింటికి,
నీళ్ల ట్యాంకు నీడ పడనిచోట.
ఒకే కాగితం మీద ఎనిమిది సన్న పట్టీలు,
ఎరుపు ఒక చిటికెడు ఎక్కువ,
పసుపు ఒక చిటికెడు తక్కువ,
వెనక పెన్సిల్‌తో అంకెలు.
కత్తిరించి ఆమె ముందు పరిచాను.

ఆమె ఆలోచించలేదు. ఏరింది.
"తాలు. తాలు. మచ్చకాయ.
ఇది వానకు తడిసింది.
ఇది మరీ పెళ్లికూతురు."
ఎడమ పక్కన కుప్ప పెరుగుతోంది.
గాలికి ఒక పట్టీ పిట్టగోడ దాటి
కింద ఆటో టాపు మీద పడి పోయింది.
ఆరోదాని దగ్గర ఆగింది.
కాయ పెట్టింది. తర్వాత
గాజు వెనక్కి తోసి మణికట్టు పెట్టింది.
"ఇంకో రవ్వ నలుపెయ్యి.
నాకేం బయం లేదు."

వేశాను.
ఈ లెక్కలకు ఏం పేరు పెట్టమంటావని
కంప్యూటరు అడిగింది.
సలోమి, అని కొట్టాను.

పెద్ద సైజు ప్రింటు తీసి
రాత్రంతా ఫ్యాన్ లేకుండా ఆరబెట్టి
నేను చెమటలో పడుకున్నాను.
తెల్లారి వచ్చి, చేతులు పైటకు తుడుచుకుని
అంచులు మాత్రమే పట్టుకుని చూసింది.

"కాయ రంగు తప్పింది."

నా గుండెలో రాయి పడింది.

"నేను తెచ్చింది ఏసీ కాయ.
కోల్డ్ స్టోరేజీలో ఆర్నెల్లు పడుకున్న సరుకు.
ఫొటోలోది కల్లం మీంచి అప్పుడే వచ్చింది,
దాని నిగ వేరు. తట్టలేదు నాకు."

మౌస్ మీదికి చెయ్యి పోతుంటే ఆగమంది.
ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి
చాలాసేపు నిలబడింది.
కింద మిరప బస్తాల లారీ ఒకటి
వెనక్కి వెనక్కి వస్తూ అరుస్తోంది.

"మొహం నాదే.
కాయ సంగతి కొనేవాడు చూసుకుంటాడులే."

పదహారు రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి
పేపర్లో చుట్టుకుని మెట్లు దిగింది.
ఆ కాయ మాత్రం మర్చిపోయింది.
తొడిమ దగ్గర ఇంకా కొంచెం పచ్చ.